పీలిక కట్టిన మొక్కలు

మా ఆయన పని నుంచి వస్తే నేరుగా ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు. పెరటి గుమ్మం దగ్గరే నిలబెట్టి, చొక్కా కాలరు మడత విప్పి, చేతుల అంచులు దులిపి చూసేదాన్ని. ఎక్కడో ఒకచోట పురుగు దొరికేది. సబ్బునీళ్ల మగ్గులో పడేసేదాన్ని. "డ్యూటీ దిగి నాతో వచ్చింది, కూర్చోమని కూడా అనవా" అనేవారు.

ఇప్పుడు మగ్గు ఉంది, దులపడానికి మనిషి లేరు. పొద్దున్నే పెరట్లో వంగ మొక్కల మీద పురుగులు ఏరడానికి మాత్రం సబ్బునీళ్లు కలుపుతున్నాను. అవి కూడా ఆయన చొక్కా పట్టుకుని, నా కళ్లుగప్పి దిగినవే.

ఆయన పనే పురుగులను పెంచడం. వంగ ఆకును జల్లెడ చేసే అక్షింతల పురుగులు. శనగబద్దంత ఇటుకరంగు ఒళ్లు, దాని మీద నల్ల చుక్కలు. లోకమంతా చంపాలని చూసేవాటికి ఆయన వేళకు మేత వేసేవారు. గాజు జాడీలు కడిగి, మూతికి పలచటి గుడ్డ కట్టేవారు. కాలు విరగకుండా తడి కుంచెతో ఎత్తేవారు. ఏం పని అని ఎవరైనా అడిగితే పశువులు కాస్తానని చెప్పేవారు. "పాలిస్తాయా అన్నయ్యా?" అని మా ఆడపడుచు ఏడిపిస్తే, "ఇవ్వవు గానీ పొడవవు" అనేవారు.

ఆ ఆఫీసులో కొత్త వంగ మొక్కను తయారు చేస్తున్నారు. ఆయన నాకు చెప్పినట్టే చెబుతాను. అందులో విషమేమీ ఉండదు. పురుగు ఒంట్లో ఏ పని జరగాలన్నా లోపలి నుంచి ఒక కబురు అందాలట. ఈ ఆకు తింటే, బతకడానికి కావలసిన ఒక్క కబురు మధ్యలోనే ఆగిపోతుంది. పురుగు ఆకలిగానే తింటుంది, ఇష్టంగానే తింటుంది, కొన్నాళ్లకు పడిపోతుంది. తేనెటీగ కబురు వేరు, కాబట్టి దాని జోలికి పోదు. ఈ ఉద్యోగం రాకముందు ఆయన చేలల్లో మందు కొట్టేవారు. వీపున డబ్బా మోసి ఇంటికొచ్చాక కళ్లు మండి అన్నం ముందు కూర్చోలేకపోయేవారు. ఆ మొక్క నెగ్గితే చాలు అన్నది ఆయనకున్న ఒకే ఒక్క ఆశ.

కొత్త మొక్క, మామూలు మొక్క చూడటానికి కవల పిల్లలే. కుండీల మీద అంకెలు వేసినా, అవి చదవడానికి ప్రతిసారీ వంగలేక, నా పాత చీరల అంచు చింపి మామూలు మొక్కలకు పీలికలు కట్టుకునేవారు. పెంపుడు పురుగులకు మేత వాటి ఆకే. కొత్తవాటికి నూలుపోగు కూడా తగలనిచ్చేవారు కాదు. రేపు పురుగు చస్తే అది చీర రంగు మహిమ అని ఎవరూ అనకూడదట.

ఒక ఉదయం ఆ మొక్కల మధ్యే, ఆకు కోస్తూ కోస్తూ, స్టూలు మీంచి ఒరిగిపోయారు. ఇంట్లో ఇంకో ముద్ద అడిగి వేయించుకుని తిని వెళ్లిన మనిషి.

తర్వాత కొన్నాళ్లకు డాక్టరమ్మ వచ్చింది. ఆ మొక్క మీద పరిశోధన ఆమెదే. ఆయనను బాబాయ్ అని పిలిచేది. వెంట ఆయన చోట చేరిన కొత్తతను ఉన్నాడు. మంచినీళ్లు ఇచ్చాను, ఇద్దరూ తాగలేదు.

"పిన్నీ, బాబాయ్ పెంచిన పురుగులన్నీ చచ్చిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు."

నా చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆయన పోయారని చెప్పినప్పుడు కూడా నా చేతిలో ఏదో ఉంది. ఏమిటో ఎంత తలచుకున్నా గుర్తు రాదు.

ఆఫీసు పెద్దలు బాబాయ్‌నే అనుమానిస్తున్నారని ఆమె నేల చూస్తూ చెప్పింది. మామూలు ఆకు తిన్న పురుగులు చచ్చాయంటే కుండీలు ఎప్పుడో తారుమారు చేసి ఉంటారని, అదే నిజమైతే ఆయన చేతి మీదుగా జరిగిన పరీక్షలన్నీ కొట్టేస్తారని. ఇంట్లో ఏమైనా అన్నారా అని అడిగింది.

నేను కొత్తతన్ని చూశాను. "ఏ మొక్కల ఆకు వేశావు బాబూ?"

"పీలిక లేనివేనమ్మా. గుర్తు కట్టినవి కొత్తవి గదా. వాటి జోలికి పోలేదు."

"గుర్తు కట్టినవే మామూలువి."

అతను తన అరచేతుల వైపు చూసుకున్నాడు. ఎంత ఆశగా తిన్నాయో, నేనూ బాగా మేపుతున్నాననుకున్నాను అని గొణిగాడు. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే బాబాయ్ ఏమీ మార్చలేదు" అంది. ఆగి, "మొక్క పనిచేసింది పిన్నీ" అంది.

ఆయన కళ్లారా చూడాలనుకున్నది, ఆయన లేకుండా, ఆయన మందనంతా ఊడ్చుకుని జరిగిపోయింది. అవీ కడుపునిండా తినే పోయాయి.

బాబాయ్ తప్పేమీ లేదని పెద్దల ముందు తానే చెబుతానని డాక్టరమ్మ అంది. కానీ వాళ్లు నమ్మాలంటే పరీక్ష మళ్లీ చేసి చూపించాలి. దానికి పురుగులు కావాలి, అదీ ఆ సంతతే. అవెక్కడివి ఇంక, అంది.

నేను లేచి పెరటి తలుపు తీశాను. "ఇవి మీ బాబాయ్ కాలరు మీద వచ్చినవి."

ఆమె వంగ మొక్క పక్కన గొంతుక్కూర్చుంది. చాలాసేపు లేవలేదు. రేపు జాడీలు తీసుకుని వస్తామని చెప్పి వెళ్లారు.

ఈ పొద్దున కూడా ఆకుల మీద చుక్కల పురుగులు కదులుతున్నాయి. ఒక ఆకు అప్పుడే జల్లెడ అయిపోయింది. మగ్గు గుమ్మం పక్కన బోర్లించే ఉంది. పురుగులు ఏరలేదు.