ఎదుటి 'ఊ' ఆలస్యమైతే

పోయిన వారం గద్వాల దవాఖానలో డాక్టరమ్మ నా గుండె పరీక్ష కాగితం చూసి చెప్పిన మాట విన్నప్పటి నుంచి, పొద్దస్తమానం నా చేయి ఛాతీ మీదే ఉంటోంది. గుండెను కదిలించే కరెంటు కుడివైపుకు వేళకే చేరి, ఎడమవైపుకు ఆలస్యంగా పోతోందట. ఒక పక్క బిగిసి వదిలే వేళకు రెండో పక్క అప్పుడే బిగియడం మొదలుపెడుతుందట. అట్లా పొంతన లేక కండ అలిసి, సాగి, నెత్తురును ముందుకు తోయలేకపోతోందట. "రెండు దిక్కుల ఒక్కసారే తట్టేటట్టు చిన్న మిషను పెడ్తం, జర ధైర్యంగ ఉండమ్మా" అంది. ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకోను? ఒక్క చేయి వెనకబడితే ఏమవుతుందో మగ్గం మీద కళ్లారా చూసినదాన్ని.

మేం నేసే చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ నేతలోనే కలవాలి కనుక మగ్గం మీద ఇద్దరు కూర్చునేవాళ్లు. నేను కొత్తకోడలిగా వచ్చిన నాటికి మామగారు చీర ఒంటికి నూలు దారం చుట్టిన నాడె విసిరేవారు, పక్కన అత్తగారు అంచుకు పట్టుదారం నాడె విసిరేది. ఆయన 'ఊ' అంటే ఆమె 'ఊ' అనేది. రెండూ ఒక లయలో పడితేనే చీర సాపుగా వచ్చేది. కూరలో ఉప్పు మరిచినా ఊ మరవదని ఆమెను ఇంటిల్లిపాదీ ఆటపట్టించేవాళ్లం.

ఒక శ్రావణంలో ఆమె ఊ వెనకబడసాగింది. అంచు ముడతలు పడుతుంటే మామగారు "ఏంది, మనసు యాడ పెట్టినవ్?" అని కసిరేవారు. ఆయాసం వస్తే నూలు దుమ్ము ఛాతీకెక్కిందని అందరం కలిసి బెల్లం ముక్క తినిపించాం. కాళ్లు వాస్తే, మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసి కూర్చునేవాళ్లకు వాయవా అనుకున్నాం. నేతవాళ్లం కదా, ప్రతి నొప్పికీ మగ్గంలోనే కారణం దొరికేది మాకు.

ఒక మధ్యాహ్నం మామగారు ఊ అన్నారు. బదులు రాలేదు. మళ్లీ అన్నారు. కండెలు చుడుతున్న నేను తలెత్తేసరికి ఆమె అంచు మీద వాలిపోయి ఉంది, ఎంత పిలిచినా పలకలేదు. ఆమెది నా జబ్బేనో కాదో ఇప్పుడెవరు చెప్పగలరు? ఆ ఊ రాని క్షణం మాత్రం ఇవాళ్టికీ నన్ను వదలలేదు.

తరువాత ఆమె చోట నేను కూర్చున్నాను, మామగారి చోట మా ఆయన. ఇద్దరం ముసలివాళ్లమై మగ్గం ఎత్తేసి చాలా కాలమైంది. ఆనాడు బెల్లం పెట్టి ఊరుకున్నాం. ఈనాడు ఆలస్యాన్ని కాగితం మీద గీసి మరీ చూపిస్తున్నారు. తెలియడం మంచిదే, కానీ తెలిశాక భయం కూడా రెట్టింపైంది.

నిన్న మళ్లీ దవాఖానకు పోతే, మెట్ల మధ్యలో ఊపిరి అందక ఆగిపోయాను. వెనక నుంచి మా ఆయన, ఎన్నేళ్ల అలవాటో, 'ఊ' అన్నాడు. నేను పలకలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా. తల్లి పోయిన మధ్యాహ్నం అతనూ ఆ మగ్గం దగ్గరే ఉన్నాడు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, 'ఊ' అన్నాను.