మలుపు దగ్గర పెట్రోలు

వీధిలో అందరికీ ఆయన కిరోసిన్ మావయ్య. కన్నవాళ్లు మంచి పేరే పెట్టారు, కాని చొక్కాకి పట్టిన వాసన ముందు అది నిలవలేదు. పెళ్లయిన కొత్తలో ఆయన కొన్న ట్రాక్టర్ రెండు నూనెల బండి. పొద్దున్నే పెట్రోలు తాగితే గాని లేచేది కాదు. ఇంజన్ వేడెక్కాక ట్యాప్ తిప్పి కిరోసిన్‌కి మారిస్తే, సాయంత్రం దాకా దాంతోనే దున్నేది. ఒక్కటే మెలిక. ఇంటికొచ్చి ఆపేముందు మళ్లీ పెట్రోలుకి తిప్పి కాసేపు నడపాలి. లేదంటే కార్బురేటర్‌లో కిరోసిన్ మిగిలిపోతుంది. తెల్లారి హ్యాండిల్ పట్టుకుని చేతులు పడిపోయేలా తిప్పినా ఇంజన్ ఉలకదు, పలకదు.

ఆ సంగతి గుర్తుచేసే పని అత్తయ్యది. ట్రాక్టర్ వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే వంటింటి కిటికీలోంచి కేకేసేది.

"తిప్పారా?"

ఇంజన్ మోతని దాటి వచ్చే గొంతు ఆమెది. ఆ దారిన పోయే స్కూటర్ల వాళ్లు కూడా ఉలిక్కిపడి తమ బండిలో పెట్రోలు చూసుకునేవారు.

"తెలుసులేవే," అని విసుక్కుంటూనే మావయ్య ట్యాప్ మీద చెయ్యి వేసేవాడు. స్నేహితుల దగ్గర మాత్రం కథ వేరు. "నా బండి ఒక్కనాడూ మొరాయించలేదు. మతిమరుపు మా ఇంటా వంటా లేదు," అని మీసం దువ్వేవాడు. అత్తయ్య వినీ విననట్టు లోపలికి వెళ్లిపోయేది. మగవాళ్ల గొప్పలకి ఎదురు చెప్పే తీరిక ఏ ఆడదానికుంటుంది?

తరవాత డీజిల్ బళ్లొచ్చాయి. తోటి రైతుల ట్రాక్టర్లన్నీ పాత ఇనుము కొట్టుకి చేరాయి. మావయ్య తనది అమ్మలేదు. "నేను ముసలిదాన్నయ్యాక నన్నూ ఇలాగే చూసుకుంటే చాలు," అనేది అత్తయ్య. పట్నంలో ఎప్పుడైనా పాత ట్రాక్టర్ల ఊరేగింపు పెడితే, మడ్‌గార్డు మీద కూర్చుని తనూ వెళ్లాలని ఆమె కోరిక. అందుకోసం పాత దుప్పటితో ఒక దిండు కూడా కుట్టి పెట్టుకుంది. ఊరేగిస్తానని మావయ్య మాటిచ్చాడు. తీరా ఊరేగింపు కబురు వచ్చేసరికి ఆమె లేదు. పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

అయినా వెళ్లాలనుకున్నాడు. వెళ్లకపోతే మాట తప్పినట్టే. బండి తుడిచాడు, నూనె పోశాడు, దిండుని మడ్‌గార్డుకి కట్టాడు. ఆమె పోయాక మొదటిసారి బండి బయటికి తీసి, ముందురోజు పొలం దాకా నడిపి చూశాడు. గుర్రంలా పరుగెత్తింది. సంతోషంగా ఇంటికొచ్చి ఆపేశాడు.

తెల్లారి హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ లేవలేదు. చెమటలు కక్కుతూ మళ్లీ తిప్పాడు. వీధిలో వాళ్లు వచ్చి తలా ఒక సలహా పారేశారు. సలహాలకి పెట్రోలు అక్కర్లేదు కదా. చివరికి పంపులు బాగుచేసే బావమరిది వచ్చి, కార్బురేటర్ కింద మర విప్పి, కారిన చుక్కల్ని అరచేతిలో పట్టి వాసన చూశాడు.

"కిరోసిన్ బావా. నిన్న ఆపేముందు తిప్పలేదా?"

"నేనా? నేను మర్చిపోవడం..." అంటూ మావయ్య ఆగిపోయాడు. నిన్నటి మలుపు గుర్తొచ్చింది. మూసి ఉన్న కిటికీ రెక్క గుర్తొచ్చింది.

"ఎవరూ అడగలేదురా," అన్నాడు.

బావమరిది తలెత్తలేదు. చెయ్యి గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. మావయ్యకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇన్నేళ్లూ బండిని నడిపింది తనే గాని, దాని సంగతి గుర్తుపెట్టుకున్నది తను కాదు. ఆమె ఉన్నప్పుడు ఒక్కసారైనా ఆ మాట తను ఒప్పుకోలేదు.

కార్బురేటర్‌లోని కిరోసిన్ అంతా కార్చి, పెట్రోలు నింపి, ఇంజన్ లేపేసరికి మధ్యాహ్నం దాటింది. మావయ్య సీటెక్కాడు.

"ఇప్పుడెక్కడికి బావా? పట్నంలో ఊరేగింపు అయిపోయుంటుంది."

"మీ అక్కని ఊరేగిస్తానన్నాను. పట్నంలోనే అని ఒట్టేశానా?"

ఇంజన్ వేడెక్కాక కిరోసిన్‌కి మార్చి ఊరంతా తిరిగాడు. వాళ్లిద్దరూ కలిసి దున్నిన పొలాల పక్కనుంచి నెమ్మదిగా పోనిచ్చాడు. గతుకులు వచ్చినప్పుడల్లా దిండు మీద చెయ్యి వేశాడు. పొద్దు వాలే వేళకి వెనక్కి తిరిగాడు.

వీధి మలుపు వచ్చింది. కిటికీ మూసే ఉంది.

"తెలుసులేవే," అన్నాడు మావయ్య, విసుగు లేకుండా, ట్యాప్ తిప్పుతూ.