నాయన రేడియోను అడిగిన ప్రశ్న

మొన్న మా మనవరాలు వంటింట్లో ఎఫ్.ఎం. పెట్టుకొని చపాతీలు ఒత్తుతూ ఉంటే, పీలేరు నుంచి ఎవరో ఫోను చేసి తన మోకాళ్ల నొప్పి గురించి స్టూడియోలో కూర్చున్న డాక్టరును అడగబోయాడు. కార్యక్రమం నడిపే అమ్మాయి వెంటనే, "చెప్పన్నా, వినిపిస్తోంది" అన్నది. ఆ మాట చెవిన పడగానే నా చేతిలోని పత్రిక చేతిలోనే ఉండిపోయింది. అరవై ఏళ్ల కిందట ఆ ఒక్క విషయం మీదే, అంటే రేడియోలో మాట్లాడే మనిషికి మన మాట వినిపిస్తుందా లేదా అన్నదాని మీదే, నేను నాయనకు నిజం చెప్పాలా వద్దా అని కొట్టుమిట్టాడాను. ఆ కొట్టుమిట్టాట ఈనాటికీ తేలలేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో. నేను తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ, కొండకు పోయే జనాన్ని అలిపిరి దారిలో ఆపి మరీ వాదన పెట్టుకునే కుర్రకారులో ఒకడిగా ఉండేవాణ్ణి. మశూచి రోగమే గాని అమ్మవారు కాదని పదిమందిలో నిరూపించి చప్పట్లు కొట్టించుకొని, శనివారం రైలెక్కి నగరికి వస్తే, మా ఇంట్లో నా వాదన గడప దాటేది కాదు. నాయన మగ్గం నేసేవాడు. నేసే మనిషి కాళ్లు ఆడించడానికి మగ్గం కింద గుంత ఉంటుంది గదా, టీకాలు వేసే ఆయన వీధి మొగదలకు వచ్చినాడని తెలియగానే ఆరేళ్ల మా చెల్లెల్ని ఆ గుంతలో దించి, తాను పైన కూర్చొని ఏమీ ఎరగనట్టు నేసుకుంటూ, "మా ఇంట్లో పిలకాయలు లేరప్పా" అని సాగనంపేవాడు. ఆ వేసవిలో మా వెనక వీధిలోనే రెండిళ్లలో మశూచి లేచింది. అయినా గుంతే మాకు గతి అయింది.

నాకు ఊహ తెలియకముందు మాకొక అక్క ఉండేది. ఆమెకు టీకా వేయించిన నాలుగో నాడే ఒంటి మీద పొక్కులు లేచి చనిపోయిందని అమ్మ చెప్పేది. టీకాకు అమ్మవారు అలిగిందని నాయన అనేవాడు. అలగడానికి అక్కడ ఎవరున్నారని నేను ఎగిరేవాణ్ణి. అమ్మవారి గురించి నేను ఎంత చదివానో అంతా ఆయన ముందు కుమ్మరించాను గాని, అక్కను ఆనాడు చంకనెత్తుకొని టీకాకు తీసుకుపోయిన మనిషి ఎవరని మాత్రం ఏనాడూ అడగలేదు.

పంచాయతీ కచేరీ వరండాలో అప్పుడొక రేడియో ఉండేది. సాయంత్రం గుమాస్తా దాన్ని తిప్పితే మద్రాసు నుంచి వారానికొకసారి ఒక పెద్దమనిషి ఎవరో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. ఒక వారం చెనిక్కాయ పంటకు తెగులు, ఒక వారం చంద్రగ్రహణం, మరో వారం పసిబిడ్డలకు పాలు. వచ్చేవాళ్లు మారినా అడిగేది ఆయనే గనుక మావాళ్లు ఆయనకు 'అడిగే అయ్య' అని పేరు పెట్టుకున్నారు. నాయన అక్కడికి పోగానే ఆ పెట్టెకు ఒక దండం పెట్టి కూర్చునేవాడు. గుమాస్తా నవ్వి, "ఏమప్పా, ఆయప్ప నీకు తిరిగి పెట్టినాడా?" అంటే, "పెట్టే ఉంటాడులే, నీకు కనపడల్యా" అనేవాడు.

అడిగే అయ్యకు నేనొక ఉత్తరం రాశాను. టీకా వేసినా కొందరికి మశూచి ఎందుకు వస్తుందో ఒక డాక్టరు చేత చెప్పించమని కోరాను. పదిరోజులు తిరగకముందే రేడియోలో మాట్లాడడానికి ఒక డాక్టరు వచ్చినాడు. ఆయన టీకా సంగతి మొదలుపెట్టగానే నాయన వరండాలో లేచి నిలబడి, అందరూ వింటుండగా ఆ పెట్టెనే అడిగాడు.

"అయ్యా, నా చేతులార ఎత్తుకపోయి ఏపించినా. నాలుగోనాడు బిడ్డ పోయింది. తప్పు ఎవురిది సామీ?"

గుమాస్తా నవ్వబోయాడు. అంతలో రేడియోలో అడిగే అయ్య గొంతు, టీకా వేయించిన తరువాత బిడ్డ పోతే ఆ తప్పు ఎవరిదండీ అన్నది. రోగం అంతకుముందే లోపల చేరి ఉంటుందనీ, టీకా ఆలస్యమైందనీ, తీసుకొచ్చిన తండ్రిది తప్పు కానే కాదనీ డాక్టరు చెప్పినాడు. నాయన పైపంచె నోట్లో కుక్కుకొని కూలబడిపోయినాడు.

మర్నాడు చెల్లెల్ని భుజాన వేసుకొని ఆయనే టీకాకు తీసుకుపోయినాడు. దారి పొడుగునా, "ఆయప్ప నా మాట ఇన్నాడు" అని కనపడినవాళ్లకల్లా చెప్పినాడు. అది నా ఉత్తరం మహిమ అని చెప్పేద్దామా? చెబితే, బిడ్డకు జ్వరం తగలగానే పాత భయం మళ్లీ లేస్తే? చెల్లెలికి జ్వరం వచ్చింది. నాయన ఆమె పక్కన కూర్చొని, అడిగే అయ్య చెప్పినాడు గదా, తగ్గుతాదిలే అని తనకు తానే చెప్పుకుంటున్నాడు. మూఢనమ్మకాన్ని కనపడినచోటల్లా నరకాలని ఉపన్యాసాలిచ్చే నేను, ఆ నమ్మకం చెదరకూడదని మూడు రోజులు పెదవి విప్పలేదు. జ్వరం దిగింది. వెనక వీధిలో మాత్రం ఇద్దరు పిల్లలు పోయినారు.

రెండేళ్ల తరువాత మద్రాసులో ఆ పెద్దమనిషిని కలిసి, నాయన సంగతంతా చెప్పి, నా ఉత్తరాన్ని మన్నించినందుకు కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆయన తెల్లబోయినాడు. ఆ సంభాషణలు అప్పటికప్పుడు మాట్లాడేవి కావట, ఇద్దరి మాటలూ ఆయనే రాసి, పైవాళ్లు ఒప్పుకున్నాక కాగితం చూసి చదివేవట. ఆ కాగితం నా ఉత్తరానికి నెల ముందే సిద్ధమైందట. మరి ఆ ప్రశ్న ఎక్కడిదని అడిగితే, కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మా పెద్దవాడికి కూడా అట్లాగే జరిగిందండీ, అది నేను అడగకుండా ఉండలేకపోయాను అన్నాడు. రెండేళ్లుగా నా ఉత్తరమే చేసిందని నమ్మిన నాకూ, పెట్టెకు దండం పెట్టిన నాయనకూ మధ్య తేడా ఏమిటో ఆ క్షణాన అర్థం కాలేదు.

ఇంటికి పోయి అంతా చెప్పేయాలనే రైలెక్కాను. నాయన నేత ఆపి, నన్ను ఆత్రంగా చూసి, "ఆయప్పను సూసినావా? నన్ను గురించి ఏమన్నా అడిగినాడా?" అన్నాడు.

"అడిగినాడు నాయనా. బిడ్డ బాగుండాదా అన్నాడు" అన్నాను. నా జన్మలో తెలిసి ఆడిన అబద్ధాల్లో నేను వెనక్కి తీసుకోనిది అదొక్కటే.

నాయన పోయి చాలా కాలమైంది. చెల్లెలు ముని మనవల్ని ఎత్తుకుంటూ ఉంది, ఆమె జబ్బ మీద టీకా మచ్చలు ఇప్పటికీ రెండు రూపాయి బిళ్లల్లాగా ఉన్నాయి. ఈనాడు పీలేరు మనిషి మాట నిజంగానే వినిపిస్తుంది, జవాబూ వస్తుంది, ఆ వెంటనే సినిమా పాట వస్తుంది. మంచిదే, ఇందుకోసమే గదా మేము గొంతు చించుకున్నది. ఆనాడు మాత్రం మా నాయన మాట ఎవరికీ వినిపించలేదు. అయినా ఆయన అడిగినదానికి, ఆయన అడిగినట్టే, జవాబు వచ్చింది. ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. తెలిసి కూడా, మొన్న మనవరాలు చూడకుండా, ఆ వంటింటి రేడియో ముందు, ఆనాడు నాయన నిలబడినట్టే, కాసేపు నిలబడ్డాను.