అత్త పిలిచిన హై టీ

మొన్న మా ఆఫీసులో రిటైరవుతున్న ఒకావిడ ఆడవాళ్లందరినీ హైటెక్ సిటీలోని ఓ పెద్ద హోటల్‌కు హై టీకి, అంటే సాయంత్రం పూట టీ, ఫలహారాల విందుకు, పిలిచింది. మూడంతస్తుల స్టాండు తెచ్చి ముందు పెట్టగానే, ఎవరూ తీసుకొమ్మనకముందే పైఅంతస్తులోని కేకు తీసి నోట్లో వేసుకున్నాను. కింది నుంచి మొదలుపెట్టాలట. ముందు శాండ్‌విచ్‌లు, తర్వాత స్కోన్లనే గట్టి బన్నులు, చివరికి కేకులు. పక్కనున్న అమ్మాయి ముసిముసిగా నవ్వింది. నవ్వనీ. ఆ స్టాండు ముందు మర్యాదగా కూర్చుంటే ఏమవుతుందో ఆ పిల్లకేం తెలుసు!

మా మేనత్త, అంటే నాన్నకు అక్క, గోపన్‌పల్లిలో వాళ్ల పొలాలు అపార్ట్‌మెంట్లయ్యాక పెద్దింటి మనిషైంది. మేము ప్రగతి నగర్‌లో కిరాయి ఇంట్లోనే ఉండిపోయాం. అత్త కొడుక్కి మా చెల్లెలిని చేసుకోవాలన్నది చిన్నప్పటి మాట. బావ మనసులో ఏముందో గానీ, చెల్లికి మాత్రం బావంటే ప్రాణం. అందుకే చాలా ఏళ్ల కింద ఒకసారి అత్త ఫోన్ చేసి ఆదివారం ఓ పెద్ద హోటల్‌కు హై టీకి రమ్మంటే, పిల్లనడగడానికేనని అమ్మ పొంగిపోయింది. అంత పెద్ద హోటల్లో తినబోతున్నాం కదా అని ఆ మధ్యాహ్నం మాకు అన్నం కూడా వండలేదు.

మా ఇళ్లల్లో ఒక మర్యాద ఉంది. ఎవరేం పెట్టినా మొదటిసారి వద్దనాలి. రెండోసారి చెయ్యి అడ్డం పెట్టాలి. మూడోసారి ‘నా మీద ఒట్టు’ అంటే అప్పుడు తీసుకోవాలి. పిల్లనడిగినా అంతే. అడిగీ అడగ్గానే సరేనంటే, ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నారని లోకం నవ్వుతుంది. కొత్త కోడలిగా వచ్చిన అమ్మకు ఇదంతా దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పింది అత్తే.

హోటల్లో కూర్చోగానే అత్త అక్కడ మనిషికెంత పడుతుందో చెప్పింది. అది విన్నాక అమ్మ చేతులు ఒళ్లోంచి లేవలేదు. స్టాండు వచ్చింది. తీసుకొమ్మంది అత్త. కడుపు నిండుగా ఉందంది అమ్మ. మళ్లీ తీసుకొమ్మంది. ఇప్పుడే తినొచ్చామంది అమ్మ. చెల్లి కడుపులో గుడగుడలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. అత్త ఇక మమ్మల్ని వదిలేసి ఒక్కతే తినడం మొదలుపెట్టింది. స్కోను మీద ముందు జాము పూయాలా, మీగడ పూయాలా అన్నదాని మీద పెద్ద పాఠం చెప్పింది. మేము చక్కెర లేని టీ తాగుతూ విన్నాం. చక్కెర కూడా రెండుసార్లే అడిగింది మరి.

కేకుల దాకా వచ్చాక తీరిగ్గా అమ్మ వైపు తిరిగింది.

“మీ చిన్నపిల్లను మా ఇంటికిస్తవా?”

అమ్మ ముఖం వెలిగిపోయింది. తల వంచుకొని, “మీరెక్కడ, మేమెక్కడ వదినా,” అంది.

“గట్లనకు. ఇస్తవా, లేదా?”

“వద్దులే వదినా. మీ ఇంటికి మా పిల్ల ఏం సరిపోతది?”

అమ్మ ఇక మూడో మాట కోసం కూర్చుంది. అత్త పెదవులు తుడుచుకుంది.

“సరే మరి. నీ ఇష్టం.”

మిగిలినవన్నీ కట్టించి కారు డ్రైవర్‌కిచ్చింది. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గిచ్చింది. పిల్ల తరఫువాళ్లు ఎగబడకూడదట! ఫోన్లోనైనా అత్త మూడోసారి అడుగుతుందని అమ్మ ఎన్నాళ్లో నమ్మింది. చివరికి బావ పెళ్లి పత్రిక వచ్చింది. పెళ్లికూతురు ఎవరో పెద్దింటి అమ్మాయి. పెళ్లిలో అత్త కనిపించిన చుట్టానికల్లా ఒకటే చెప్పింది: “నేను రెండుసార్లు అడిగిన. మా మరదలే వద్దన్నది.” అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే నాకు మండుతుంది.

“ఒక్కసారి సరేనంటే నీ మర్యాద పోతుండెనా అమ్మా?” అంది చెల్లి. ఆ తర్వాత అమ్మతో సరిగ్గా మాట్లాడింది లేదు. మరుసటి సంబంధంవాళ్లు ఇంటికొచ్చి పిల్లనడిగితే, అమ్మ పెదవి కదపకముందే వంటింట్లోంచి తనే వచ్చి సరేనంది. ఆ మనిషి ఎలాంటివాడో కనుక్కునే తీరిక కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు వాడితో అది పడుతున్న బతుకు గురించి నేను రాయలేను.

పండక్కో పబ్బానికో అమ్మ ఇప్పటికీ అత్త ఇంటికి వెళ్తుంది. చాయ్ ఇస్తే రెండుసార్లు వద్దంటుంది, తాగకుండానే తిరిగొస్తుంది. ఏళ్లు గడిస్తే అన్నీ చల్లారుతాయంటారు. మా ఇంట్లో చల్లారిందేమీ లేదు. అందరం ముసలివాళ్లమయ్యాం, అంతే.