ఆ బూడిద చల్లారింది

మా మగ్గాల కొట్టాన్ని మా అమ్మే కాల్చిందని సాలెల వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముసలివాళ్లు చెప్పి చెప్పి పోయారు, ఇప్పుడు వాళ్ల పిల్లలు చెబుతున్నారు. అది పచ్చి అబద్ధం. నాకు తీయగా మాట్లాడడం చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఇదంతా నేను మా నాయిన మీద కోపంతో రాస్తున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక నేతపని ఊరు. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. మేము నేసేవి తేలియా రుమాళ్లు. పేరులోనే నూనె ఉంది. నూలును బూడిద నీళ్లూ నువ్వుల నూనే కలిపి తడిపి, కాళ్లతో తొక్కి, ఎండబెట్టి, మళ్లీ తడిపి, ఇట్లా రోజుల తరబడి చేస్తే గానీ దానికి ఎరుపు పట్టదు. బూడిద అంటే వంట పొయ్యిలోది కాదు, ఆముదపు కాయల పొట్టు కాల్చి తీసింది. అది అమ్మ పని. పెరట్లో కాల్చి, రాతి తొట్టిలో బాగా చల్లార్చి, జల్లెడ పట్టి, అప్పుడు గంపకెత్తి కొట్టంలోకి తెచ్చేది. వాడలో సగం ఇళ్లు అమ్మ దగ్గరే బూడిద తీసుకునేవి. పొయ్యి మీద పాలు పొంగించిందంటే నమ్ముతాను, వేడి బూడిదను నూలు దగ్గరికి తెచ్చిందంటే నమ్మను.

నాయినకు సొంత కొట్టం, అందులో సొంత మగ్గాలు ఉండేవి. మా తాతకు అవి లేవు. ఆయన షావుకారు కొట్టంలో కూలికి నేస్తూ నేస్తూ ఆ మగ్గం గుంటలోనే దగ్గు పట్టి పోయాడు. కొట్టం పోతే తానూ అదే గుంటలో దిగాలి, నాయిన బతుకంతా ఈ ఒక్క భయమే. ఆ భయం న్యాయమైనదే, అంతవరకు ఒప్పుకుంటాను.

నేను తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చిన ఏడు, ఎండలు ముదరక ముందు, మహబూబ్‌నగర్ నుంచి బీమా ఏజెంటు ఒకడు దిగాడు. కోటు, తోలు సంచి, నోటి నిండా పాన్. నాయినను 'సేట్' అని పిలిచాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాయినను ఎవరూ సేట్ అనలేదు. ఆ ఒక్క మాటకే మనిషి సగం పడిపోయాడు. నన్ను పంపి పల్లీలు వేయించి తెప్పించాడు.

"బీమా అంటే ఒక్కటే గాదు సేట్," అన్నాడు ఏజెంటు మా పల్లీలు నములుతూ. "అగ్గి బీమా వేరే, దొంగల బీమా వేరే. బొంబాయి పొయ్యే సరుకుకు తొవ్వ బీమా వేరే. అగ్గి బీమా కట్టినవంటే అగ్గికే వస్తది. వానకు తడిస్తే రాదు, దొంగ ఎత్తుకపోతే రాదు."

"కొట్టానికి కడితే మగ్గాలకు గూడ అయినట్టే గదా?" అన్నాడు నాయిన.

"కాదు. కొట్టం, మగ్గాలు, నూలు, మూడూ కాయితంల రాయించాలె. రాయించనిది నీకు లేనట్టే లెక్క."

నాయిన మనసు తొవ్వ బీమా మీద ఉంది, ఒకసారి రుమాళ్ల మూట ఓడరేవులో తడిసి వెనక్కి వచ్చిందని. అమ్మ తలుపు చాటు నుంచి మాట్లాడింది.

"అగ్గిదే కట్టుండ్రి. నూనె నూలు కుప్పేస్తె లోపల్నే కాగుతది. మా అవ్వ కాలంల ఓపారి పొగ లేచింది."

ఏజెంటు పడీపడీ నవ్వాడు. "నూలు దానంతటది అంటుకుంటదా అమ్మా? గట్లయితే మీ ఇంట్ల అగ్గిపెట్టె ఖర్చే లేదు."

నాయిన కూడా నవ్వాడు. పరాయివాడి ముందు పెళ్లాం మీద నవ్వడంలో ఆయనకు ఏం సుఖం ఉండేదో నాకు ఈనాటికీ అర్థం కాదు. "దీనికి అన్నిటికీ భయమే సాబ్," అన్నాడు. ఏమైతేనేం, అగ్గి బీమాయే కట్టాడు, మూడింటికీ కలిపి. ఏజెంటు కాగితంలోని షర్తులు ఉర్దూలో గడగడా చదివాడు. మాకు ఒక్క ముక్క తెలియలేదు. ఏముందని అమ్మ అడిగితే "అన్ని కాయితాలల్ల ఉండేటియే" అన్నాడు. నాయిన వేలిముద్ర వేశాడు.

చైత్రంలో ఒకనాడు సాయంత్రం మబ్బు కమ్మింది. నూనె పట్టిన నూలంతా దండేల మీద ఉంది. అందరం పరుగెత్తి కొట్టంలోకి చేరవేశాం. అమ్మ దాన్ని పలచగా పరుస్తూ ఉంటే నాయిన కసిరాడు.

"ఇట్ల పరిస్తె మనుషులు యాడ తిరగాలె? జాగా లేదు. కుప్పెయ్యి."

"కుప్పెయ్యొద్దయ్యా, కాగుతది."

"నీ నోట్లె ఒక్క మంచి మాట రాదు గదా."

అని తన చేతులతోనే మూలకు కుప్ప వేసి, పైన గోనె సంచులు కప్పాడు. రెండు రోజులు ముసురు పట్టి, ఆ కుప్ప అట్లాగే ఉంది. మూడోనాడు ఎండ కాసింది. పొద్దున అమ్మ గోనె కింద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"కాగుతాంది. వచ్చి ఇప్పు."

"బువ్వ తిని ఇప్పుత," అన్నాడు. తిన్నాడు. తిన్నాక అరుగు మీద కూచుని చుట్ట వెలిగించాడు. ఆ చుట్ట సగం కాలకముందే కొట్టం కప్పులోంచి పొగ వచ్చింది.

గడ్డి కప్పు, నూనె నూలు, ఇంకేం కావాలి. వాడంతా కుండలతో నీళ్లు పోసినా మొండిగోడలు మిగిలాయి. మగ్గాలు పోయాయి, నూలు పోయింది. మనుషులకు ఏమీ కాలేదు. సాయంత్రానికి షావుకారు వచ్చాడు. పరామర్శకనుకున్నాం. "మా దాంట్ల ఒక మగ్గం ఖాళీగున్నది, రేపటి సంది రా," అన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నాయిన మొండిగోడల వైపు తిరిగి కూచున్నాడు.

కబురందుకుని ఏజెంటు వచ్చాడు. తెల్లారి కంపెనీ అఫ్సరు తనిఖీకి వస్తాడని, ముందు తనకు సంగతి చెప్పమని అడిగాడు. నాయిన ఉన్నదున్నట్టు చెప్పాడు, నూలు కాగి అంటుకుందని.

"ఆ మాట అఫ్సరు ముంగట అన్నవంటే దమ్మిడీ రాదు సేట్. సరుకు దాని వేడితోటి అది అంటుకుంటె కంపెనీకి జిమ్మా లేదు. షర్తుల ఉన్నది."

ఈసారి అమ్మ తలుపు చాటున నిలబడలేదు, బయటికి వచ్చింది. "నూలు దానంతటది అంటుకుంటదా అని నవ్వినవు గదా నువ్వు."

"నవ్విన," అన్నాడు వాడు, సిగ్గూ శరమూ లేకుండా. "షర్తు అయితె ఉన్నది."

"మరి దేనికొస్తది?"

"మనిషి చేతుల పొరపాటైతె వస్తది. కావాలని కాల్చొద్దు, గంతే. దీపం పడ్డదనుకో, నిప్పు రవ్వ పడ్డదనుకో, గిసుంటియి." తోలు సంచి సర్దుకుని లేచాడు. చెప్పవలసినది చెప్పేశాడు కదా.

నాకు ఒళ్లు మండిపోయింది. నూలు గుణం నూలుది, అది తెలిసి తెలిసి కుప్ప వేసినవాడు ఎదురుగా ఉన్నాడు, దానికి పైసా రాదు. ఎవరో ఒకరు తెలివితక్కువగా నిప్పు పారేసుకుంటే మాత్రం కొట్టం తిరిగి లేస్తుంది. అంటే మా ఇంట్లో ఒక తెలివితక్కువ మనిషి కావాలి.

తెల్లారి అఫ్సరు వచ్చాడు. కాలిన గోడల ముందు కుర్చీ వేశాం. వాడంతా మూగింది. "అగ్గి ఎట్ల వచ్చింది?" అని అడిగాడు.

నాయిన చెవి సందులో చుట్ట ఉంది. పొద్దున లేస్తే ఆయన చెవి సందులో చుట్ట లేని రోజు లేదు, ఊరందరికీ తెలుసు. 'నా చుట్ట రవ్వ పడ్డది సాబ్' అంటే చాలు, ఎవరూ మారు మాట్లాడరు. నాయిన అమ్మ వైపు చూశాడు. బతిమాలినట్టు కూడా చూడలేదు. నీళ్లు పెట్టలేదేమని చెంబు వైపు చూసినట్టు చూశాడు.

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బూడిద సల్లారలే సాబ్," అంది. "సూసుకోకుంట నేనే తెచ్చి నూలు పక్కన పెట్టిన."

ఆడవాళ్లు నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. "ఇంత పని ఎరిగినదానివి, గదేం పని చేసినవే," అంది ఒక ముసలామె. అఫ్సరు రాసుకున్నాడు. అక్కడితో అయిపోయేది. అప్పుడు మా నాయిన గొంతు సవరించుకుని అన్నాడు, "ఆడోళ్ల పని గిట్లనే ఉంటది సాబ్."

ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ మాటకు కంపెనీ ఒక్క పైసా ఎక్కువ ఇవ్వదు. నేను క్షమించనిది ఆ మాటనే.

వానలకు ముందే సొమ్ము వచ్చింది. ఈసారి గడ్డి కాకుండా పెంకులు కప్పించాడు. నాయిన షావుకారు గడప తొక్కలేదు. అమ్మ వల్ల తొక్కలేదు. ఆ వానాకాలమంతా వాడలో ఒక్కరూ అమ్మ దగ్గర బూడిద తీసుకోలేదు. "వద్దులే అక్కా, మీ బూడిద వేడి," అని నవ్వేవాళ్లు. బావి దగ్గర అమ్మకు బూడిదామె అని పేరు పెట్టారు. నాయిన వినేవాడు. విని ఊరుకోవడం కూడా కాదు, కూర ఉప్పెక్కువైనా, కుండ పగిలినా, "కొట్టం కాల్చినదానివి, నీకిదొక లెక్కనా," అనేవాడు. కొన్నాళ్లకు తానే నమ్మాడేమో. నాలుగు గోడల మధ్య నిజం తెలిసిన మనిషి అట్లా ఎట్లా అనగలడు?

కొత్త కొట్టంలో మొదటిసారి నూలు తడిపే రోజు వచ్చింది. నేను చంటిపిల్లను ఒళ్లో వేసుకుని అరుగు మీద ఉన్నాను. కొబ్బరికాయ కొట్టారు. ఇరుగుపొరుగు అంతా ఉన్నారు. అమ్మ బూడిద గంప నెత్తిన పెట్టుకుని గడప దాకా వచ్చింది.

"ఆగు," అన్నాడు నాయిన. గంప దించమన్నాడు. అందరూ చూస్తుండగా మోచేతి దాకా బూడిదలో చెయ్యి పెట్టి కలిపి, తీసి, ఆ చేతిని పైకెత్తి చూపించాడు. "ఈపారి సల్లగనే ఉన్నది," అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

వాళ్ల నవ్వు ఆగేదాకా అమ్మ నిలబడింది. తర్వాత ఆయన చెవి వైపు చూస్తూ, ఆయనకూ నాకూ వినబడేంత మెల్లగా అడిగింది.

"అఫ్సరు అడిగిననాడు నీ సుట్ట యాడ పోయింది?"

నాయిన బూడిద చెయ్యి చెవి దాకా పోయి ఆగింది. అమ్మ గంపను గడపలోనే వదిలి ఇంట్లోకి వెళ్లింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ఆ కొట్టంలో కాలు పెట్టలేదు, పొట్టు కాల్చలేదు. నాయిన పక్క ఊరి నుంచి బూడిద కొనుక్కొచ్చుకున్నాడు. గంప దించిన ప్రతిసారీ అందులో చెయ్యి పెట్టి చూసుకునేవాడు, నిజంగానే భయపడుతూ. అమ్మ కాల్చినన్నాళ్లూ ఆయనకు ఆ అవసరం ఒక్కనాడూ రాలేదు.