గొంతు దాచుకున్న రోజు

ఇంట్లో ఆమెను అందరూ గంట అంటారు. ఆ గంట ఆ రోజు పొద్దున్నుంచీ మోగలేదు. "పెళ్లయ్యాక ఇంత ప్రశాంతంగా ఎప్పుడైనా తెల్లారిందా?" అంటూ భర్త కాఫీ అందించాడు. ఆమె కళ్లెర్రజేసిందే తప్ప నోరు విప్పలేదు.

సాయంత్రం బృందగానం కచేరీ. ఏళ్ల తరబడి వెనక వరసలో నిలబడ్డ మనిషికి, ఇన్నాళ్లకు ఒంటరిగా పాడే చరణం దక్కింది. తీరా చూస్తే వారమంతా ఆఫీసు కాల్స్‌లో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "పాడేదాకా మాట్లాడకమ్మా. గొంతు పలక్కపోతే చరణం ఇంకొకరికిస్తాను, మొహమాటపడను" అని మాస్టారు ఖరాఖండిగా చెప్పేశారు.

అంతే, జలుబుతో మాట పడిపోయిందని డైరెక్టరుకు మెసేజ్ పెట్టేసింది. క్లయింటుతో మాట్లాడే పని తన టీములో కొత్తగా చేరిన అమ్మాయి నెత్తిన పడింది.

మీటింగులో క్లయింటు, డైరెక్టరు ఎదుటే, పని ఆలస్యం ఎందుకైందని నిలదీశాడు. ఈమె పక్కనే కూర్చుని జవాబులు టైపు చేస్తుంటే, ఆ అమ్మాయి తన స్క్రీన్ మీద చూసి చదివింది. కాసేపటికి ఆయనకు విసుగొచ్చింది.

"చదవడం ఆపండమ్మా. ఈసారి గడువు తప్పదని పూచీ ఎవరిది? లేదంటే ఒప్పందం రద్దే."

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, దాని తప్పేముంది?

"పూచీ నాది" అంది ఈమె.

కనీసం నీరసంగా అనొచ్చుగా! అన్నేళ్ల సాధన ఊరుకుంటుందా? పొట్టలోంచి ఊపిరి తీసి వదిలిన మాట గది చివరిదాకా ఖంగుమంది. క్లయింటు తలూపాడు. డైరెక్టరు మొహం మాడిపోయింది.

బయటికి రాగానే పట్టుకున్నాడు. "మాట పడిపోయిందన్నారు?"

"లేదండీ, అబద్ధమాడాను. సాయంత్రం పాట ఉంది."

"సాయంత్రం హెడ్డాఫీసుతో కాల్ ఉంది. మీరే మాట్లాడాలి. ప్రమోషన్ల సంగతి తేలేది అక్కడే, ఆలోచించుకోండి."

ఆ ప్రమోషన్ కోసం ఎంత చాకిరీ చేసిందో ఆమెకే తెలుసు. అయినా తల అడ్డంగా ఊపి, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

స్టేజీ మీద మొదటి మాట వణికింది. తర్వాత గొంతు నిలబడింది.

ప్రమోషన్ రాలేదు. కడుపు మండి ఏడ్చింది. ఏడుపు తీరాక మాస్టారికి ఫోన్ చేసి, వచ్చే కచేరీలోనూ చరణం తనకే కావాలని అడిగింది.