కారం అమ్మిన టీచరమ్మ

మా పక్క వాటాలో ఒక టీచరమ్మ ఉండేవారు. చేతికి ఎప్పుడూ సుద్దపొడి ఉండేది కాబట్టి, జారిన కళ్లద్దాలను ముంజేతితో పైకి నెట్టుకోవడం ఆవిడకి అలవాటు. పిల్లలు తగ్గిపోయారని ఆవిడ పనిచేసే ప్రైవేటు స్కూలు ఒక వేసవిలో మూసేశారు. భర్త లేరు, కూతురింకా కాలేజీలో ఉంది. కొన్నాళ్లు ఆవిడ ఎవరికీ కనబడలేదు. ఆ తర్వాత గుంటూరు యార్డు నుంచి మిరపకాయలు తెప్పించి డాబా మీద ఆరబోశారు.

"కారం పట్టించి అమ్ముతానమ్మా. ఇంకో గుమ్మం ముందు నిలబడి ఉద్యోగం అడగలేను," అన్నారు నాతో.

ఆదివారం చర్చి వదిలే వేళకి గేటు బయట బల్ల వేశారు. తోడుగా నేనూ వెళ్లాను. జనం పోతూనే ఉన్నారు, ఆవిడ తల వంచుకుని సర్దిన పొట్లాలే మళ్లీ సర్దుతున్నారు. ఇంతలో పాత విద్యార్థి తల్లి ఒకామె ఆగింది.

"అయ్యో టీచర్ గారూ, మీకీ ఖర్మేంటండీ?"

ఆవిడ ముఖం కందిపోయింది. కారం అంటిన వేళ్లు దూరంగా పెట్టి, ముంజేతితో కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఖర్మ కాదమ్మా, వ్యాపారం. కిలో ఇమ్మంటారా, అరకిలోనా?"

క్లాసులో వెనక బెంచీదాకా వినబడే గొంతు అది. వెళ్లిపోతున్న నలుగురు వెనక్కి తిరిగారు. ఆమె కిలో తీసుకుంది.

తర్వాత్తర్వాత వీధి చివర సొంతంగా చిన్న కారం మిల్లు పెట్టి, ఇద్దరు ఆడవాళ్లను పనిలో పెట్టుకున్నారు. ఒకరోజు ఏదో పెద్ద స్కూలు నుంచి రమ్మని ఫోన్ వచ్చింది. పాఠం చెప్పడమంటే ఆవిడకి ప్రాణం. ముంజేతితో కళ్లద్దాలు పైకి నెట్టుకున్నారు.

"రాలేనండీ. నేనొచ్చేస్తే ఇక్కడ ఇద్దరి ఉద్యోగాలు పోతాయి," అన్నారు.